రెండువందల ఇరవై ఆరో ఓటు

సెవెరిన్ లూకిచ్ గురించి పార్లమెంటు వాళ్ళు అచ్చు వేయించిన పుస్తకంలో ఏడు లైన్లున్నాయి. పుట్టింది యావొరివ్కా గ్రామం. చదివింది వ్యవసాయ కళాశాల. పండ్లతోటల పరిశోధనా కేంద్రంలో తోట అధికారి, తర్వాత డైరెక్టరు. రెండుసార్లు జనం ఎన్నుకున్న డెప్యూటీ, అంటే పార్లమెంటు సభ్యుడు, ఒకసారి పార్టీ జాబితాలోంచి వచ్చిన డెప్యూటీ. ఒక పతకం. భార్య, ఇద్దరు కూతుళ్ళు. పోయిన ఏడాది ఆయన గుండె ఆగి పోయినప్పుడు పేపరు వాళ్ళు ఆ ఏడు లైన్లే మళ్ళీ వేశారు.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఆయన కింద తొమ్మిదేళ్ళు తోటలో ట్రాక్టరు నడిపాను, పదకొండేళ్ళు కీవ్‌లో ఆయన కారు నడిపాను. ఆ ఏడు లైన్లలో లేని మంగళవారం ఒకటి ఉంది. అది నాకూ ఆయనకూ మా ఊరికీ తెలుసు. ఊరివాళ్ళు ఇప్పుడు దాని గురించి మాట్లాడరు. అసలు నాతోనే మాట్లాడరు.

ముందు మంచివాడి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆయన మంచివాడే. మా తోటలో ఆపిల్, బేరి, ప్లమ్ కలిపి పదకొండువందల రకాలుండేవి. ఒక్కో రకానికి నాలుగైదు చెట్లు, ఒక వరుస. యుద్ధానికి ముందునుంచీ పెంచుకొచ్చినవి. ప్రపంచంలో ఇంకెక్కడా లేని రకాలు కొన్ని ఉన్నాయని ఆయన అనేవాడు. సోవియట్ పోయాక జీతాలు రాని రోజుల్లో జనం తోటలోని ఇనుప స్తంభాలు పీకి పాత సామాన్లవాడికి అమ్ముకున్నారు. వరుసల మీద పేర్లు రాసిన రేకులు కూడా పోయాయి. కంచె పోయింది. చెట్లు మాత్రం మిగిలాయి. మూడు చలికాలాలు ఆయన గోదాంలో మంచం వేసుకుని తుపాకీ పక్కన పెట్టుకుని పడుకున్నాడు. కట్టెల కోసం గొడ్డలి పట్టుకొచ్చిన మా బావమరిదిని కొట్టలేదు, తిట్టలేదు. తన ఇంటి కంచె పీకి ఆ చెక్కలు ఇచ్చి పంపాడు.

అందుకే ఎన్నికలొచ్చినప్పుడు ఊళ్ళో ఎవరూ ఆయన్ని నిలబడమని బతిమాలలేదు. నిలబెట్టేశారు. "నువ్వు కీవ్‌లో కూర్చో. మన తోటను ఎవడూ అమ్మకుండా చూడు. అంతకుమించి నిన్నేమీ అడగం" అంది యెవ్‌దోకియా పనాసివ్నా. ఊరి పిల్లలందరికీ అక్షరాలు నేర్పిన టీచరమ్మ. నాకూ నేర్పింది, నేనే పూర్తిగా నేర్చుకోలేదు.

అమ్మకూడని ప్రభుత్వ ఆస్తుల జాబితా ఒకటుండేది. అందులో మా తోట పేరు ఉంది. ఆ పేరు జాబితాలో ఉన్నంతకాలం తోట ఉంటుంది. ఆయన కీవ్‌కి వెళ్ళింది ఆ ఒక్క లైను కాపాడడానికే.

మొదటి రెండేళ్ళూ కాపాడాడు. తర్వాత కీవ్ ఆయనకు అలవాటైంది.

అక్కడ ఓటు వేసే పద్ధతి చెప్పాలి. ప్రతి డెప్యూటీ బల్ల మీదా ఒక సందు ఉంటుంది, అందులో తన కార్డు పెట్టాలి. పచ్చ, పసుపు, ఎరుపు, మూడు బొత్తాలు. పది సెకన్లలో నొక్కాలి. గోడ మీద పెద్ద బోర్డులో అంకె పడుతుంది. చట్టం నెగ్గాలంటే రెండువందల ఇరవై ఆరు కావాలి. ఎవరి ఓటు వాళ్ళే వేయాలని రాజ్యాంగంలో రాసుంది. రాసింది రాసినట్టే ఉంది. లేనివాళ్ళ కార్డులు ఉన్నవాళ్ళు నొక్కేవాళ్ళు. ఒక్కడే అటు వంగి, ఇటు వంగి, వెనక బల్ల మీదికి సాగి నాలుగు కార్డులు నొక్కేవాడు. పేపర్లవాళ్ళు వాళ్ళకు పియానోవాళ్ళని పేరు పెట్టారు.

మొదట్లో సెవెరిన్ లూకిచ్ దాని గురించి కారెక్కి తిట్టుకునేవాడు. మూడో ఏడు ఒక సాయంత్రం కారెక్కుతూ నవ్వాడు.

"తిమీష్, ఇవాళ నేను కూడా వాయించానోయ్."

"ఏంటి, సెవెరిన్ లూకిచ్?"

"జుర్బెన్కోకి పంటి నొప్పి. డాక్టరు దగ్గరికి పోయాడు. వాడి కార్డు నేనే నొక్కాను. ఏదో రవాణా చట్టంలే. ఎవడికీ నష్టం లేదు."

జుర్బెన్కో అంటే ఆయన పక్క బల్లవాడు. లావుపాటి మనిషి, ఎప్పుడూ జేబులో పొద్దుతిరుగుడు గింజలుండేవి. నాకు కూడా పిడికెడు పోసేవాడు. చెడ్డవాడు కాదు. అక్కడ చెడ్డవాడని వేలుపెట్టి చూపించడానికి ఎవరూ దొరకరు.

ఇక ఆ మంగళవారం.

ఈస్టర్ అయిన వారానికి మా వైపు సమాధుల దగ్గరికి వెళ్తారు. రొట్టె, రంగు గుడ్లు, వోడ్కా, పంది కొవ్వు పట్టుకెళ్ళి, చనిపోయినవాళ్ళ దగ్గర గుడ్డ పరిచి కూర్చుని తింటారు. అన్ని ఊళ్ళూ ఒకేరోజు చేయవు. ఈ ఊరివాళ్ళు ఆ ఊరి సమాధులకు కూడా వెళ్ళాలి కదా, అందుకని ఊరికొక రోజు. పక్క ఊరికి ఆదివారం, వాగు అవతలి ఊరికి సోమవారం, మా యావొరివ్కాకి మంగళవారం. మా తాతల తాతలనాటినుంచీ మంగళవారమే.

ఆ ఏడాది సోమవారం సాయంత్రం ఆయన వెళ్ళాలా వద్దా అని ఊగిసలాడాడు. ఆస్తుల జాబితా మార్చే చట్టం ఒకటి తిరుగుతోంది. అందులో మా తోటను తీసేసే లైను ఉంది. ఎప్పుడు ఓటుకొస్తుందో తెలియదు.

"గురువారం" అన్నాడు జుర్బెన్కో, కారు కిటికీలోంచి గింజల పొట్టు ఉమ్ముతూ. "రేపటి పనుల కాగితంలో లేదు, నేను చూశాను. నువ్వెళ్ళి మీ అమ్మ దగ్గర కూర్చుని రావయ్యా. కార్డు ఇచ్చిపో. పొద్దున హాజరు వేస్తా, లేకపోతే మనవాళ్ళు నీ మీద పడతారు."

ఆయన కార్డు తీశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నావైపు చూశాడు.

ఇప్పుడు నేను చెప్పాల్సింది ఇదే. నేను నోరు మూసుకుని ఉండాల్సింది. మూసుకోలేదు.

"మీరు రాకపోతే ఊళ్ళో ఏమనుకుంటారో తెలుసా?" అన్నాను. "డెప్యూటీ అయ్యాక తల్లి సమాధి కూడా మరిచిపోయాడు అంటారు. అది ప్లాస్టిక్ ముక్క, సెవెరిన్ లూకిచ్. దానికి తల్లీ తండ్రీ ఉన్నారా? ఇచ్చేయండి, పోదాం."

ఆయన మీద ప్రేమతో అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి మా అమ్మ సమాధి కూడా అక్కడే ఉంది. ఆ నల్ల కారును శ్మశానం గేటు దాకా తీసుకెళ్ళి, ఒకప్పుడు నన్ను ఎనిమిదో తరగతోడా అని వెక్కిరించినవాళ్ళ ముందు ఆపాలని నాకు ఉంది. అంతే.

ఆయన కార్డు ఇచ్చాడు.

మంగళవారం ఎండ బాగా కాసింది. ఊరంతా అక్కడే. ఆయన తల్లి దగ్గర ఒక గ్లాసు, తండ్రి దగ్గర ఒక గ్లాసు పోసి, ప్రతి సమాధి దగ్గరా ఆగి, ప్రతి గుడ్డ మీదా కూర్చున్నాడు. చెట్లకు అంట్లు కట్టే హవ్రిలో తాత ఆయన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. నలభై ఏళ్ళు తోటలో చేసిన మనిషి, అంటు కట్టడం నాకు నేర్పింది ఆయనే.

"తిను, డెప్యూటీ. అక్కడ మీకేం పెడతారో ఏమో, ముఖం చూస్తే సున్నం కొట్టిన గోడలా ఉంది."

"ఓట్లు పెడతారు తాతా."

"అవి అరగవురా. ఈ కొవ్వు తిను."

అందరూ నవ్వారు. పనాసివ్నా టీచరమ్మ కూడా నవ్వింది. "మనవాడు చచ్చినవాళ్ళను మరిచిపోలేదు, బతికున్నవాళ్ళను కూడా మరవడులే" అంది.

నేను కారు దగ్గరికి నడిచి గ్లాసు కడుక్కుంటూ రేడియో పెట్టాను. పార్లమెంటు సమావేశం రేడియోలో వస్తుంది. పొద్దున పదకొండు దాటి ఇరవై నిమిషాలు. సభాధ్యక్షుడు ఏదో చదువుతున్నాడు, రోజూ చదివినట్టే, సరుకుల లెక్క చదివినట్టు. ఆస్తుల జాబితా అన్న మాట వినబడింది. తర్వాత, "ఓటింగ్‌కి పెడుతున్నాను." పది సెకన్లు ఏమీ లేదు. తర్వాత, "రెండువందల ఇరవై ఆరు. చట్టం ఆమోదించబడింది."

నేను రేడియో ఆపాను. ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం కారులో ఆయనకు చెప్పాను.

"జుర్బెన్కో ఎర్ర బొత్తాం నొక్కే ఉంటాడు" అన్నాడు. "తోట సంగతి వాడికి తెలుసు. వందసార్లు చెప్పాను."

మర్నాడు ఎవరు ఏం నొక్కారో పేర్ల జాబితా వచ్చింది. ఆయన పేరు పక్కన పచ్చ.

జుర్బెన్కో నిజంగానే బాధపడ్డాడు. "పై నుంచి కాగితం వచ్చిందయ్యా, అందరం పచ్చ నొక్కాలని. వరుసగా నొక్కుకుంటూ పోయాను. నీది, నాది, వాడిది. అది మీ చట్టమని నొక్కాకగానీ వెలగలేదు" అన్నాడు. అలా అని ఆయన భుజం పట్టుకున్నాడు. ఆయన ఆ చెయ్యి తీసేయలేదు.

చూడండి, లెక్క చాలా చిన్నది. ఆ ఒక్క ఓటు తీసేస్తే రెండువందల ఇరవై ఐదు. చట్టం పడిపోతుంది, తోట నిలుస్తుంది. ఆయన చేయాల్సింది ఒక్కటే: మంగళవారం నేను హాలులో లేను, నా కార్డు ఇంకొకరు నొక్కారు అని నోటితో చెప్పడం.

ఆయన చెప్పలేదు. ఒక కాగితం రాసిచ్చాడు: పొరపాటున పచ్చ నొక్కాను, నా ఓటును వ్యతిరేకంగా లెక్కించండి అని. అలాంటి కాగితాలు అక్కడ రోజుకు పది వస్తాయి. రాసుకుంటారు, అంకె మాత్రం మారదు.

ఊరికి ఆ కాగితం చేరింది. పనాసివ్నా టీచరమ్మ దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసిందట. "పొరపాటున నొక్కాడా? ఆ సమయానికి వీడు నా గుడ్డ మీద కూర్చుని గుడ్డు ఒలుస్తున్నాడు." ఆ వారంలోనే ఇల్లిల్లూ తిరిగింది. ఆ మంగళవారం పదకొండు గంటలకు సెవెరిన్ లూకిచ్ మాతో శ్మశానంలో ఉన్నాడు అని రాసిన కాగితం కింద మూడువందల నలభై మంది సంతకాలు పెట్టారు. కోర్టులో వేశారు.

ఆయన్ని పడగొట్టడానికి కాదు. ఆయన్ని నిలబెట్టడానికే. పాపం, వాళ్ళు అలాగే అనుకున్నారు. ఎవడో దొంగ మా వాడి ఓటు దొంగిలించాడు, మేమంతా సాక్ష్యం చెబితే మా వాడు బయటపడతాడు అని.

విచారణ ఫిబ్రవరిలో పడింది. దానికి వారం ముందు ఆయన నన్ను వంటింట్లో కూర్చోబెట్టి టీ పోశాడు. తన చేత్తో పోయడం అదే మొదలు.

"తిమీష్, నేను లేనని చెబితే ఏమవుతుందో తెలుసా? ముందు జుర్బెన్కో. తర్వాత నేను నొక్కిన కార్డులు, వాళ్ళు నొక్కినవి. మొత్తం అల్లిక ఊడుతుంది. నన్ను రేపే గెంటేస్తారు. గెంటేస్తే ఊరికేం చేయగలను? గ్యాస్ పైపు ఇస్తామన్నారు. యావొరివ్కాకి. రాసిచ్చారు. ముసలివాళ్ళు ఇంకా కట్టెలు మోస్తున్నారు కదా. చెట్లు ఎలాగూ ముసలివైపోయాయి."

"మీరే అన్నారు కదా, ఇంకెక్కడా లేని రకాలని."

"అన్నాను." గ్లాసులోకి చూశాడు. "మనుషులకు వెచ్చగా ఉండాలి కదా, తిమీష్."

"నన్నేం చేయమంటారు?"

"నిన్ను ఒకటే అడుగుతారు. మీ ఊళ్ళో సమాధుల రోజు ఏది అని. వాగు అవతల సోమవారం చేస్తారు. జనం రోజులు కలగలిపేసుకున్నారని జడ్జి నమ్ముతాడు, ఒక ఊరివాడు చెబితే."

నేను సరే అన్నాను. నాకేమీ ఇస్తానని ఆయన అనలేదు, నేను అడగలేదు. ఏదైనా పుచ్చుకుని ఉంటే కనీసం దానికోసం అని చెప్పుకునేవాణ్ణి. పదకొండేళ్ళు ఆయన ఎటు అంటే అటు తిప్పాను. ఆ రోజు కూడా అలాగే తిప్పాను.

కోర్టు గది చిన్నది. ఊరినుంచి బస్సు మాట్లాడుకుని నలభై మంది వచ్చారు, పండగ కోట్లు వేసుకుని. సెవెరిన్ లూకిచ్ రాలేదు, కాగితం పంపాడు. జడ్జి ఆడమనిషి, జలుబుతో ఉంది. నన్ను నిలబెట్టి అడిగింది.

"మీరు యావొరివ్కా గ్రామస్థులేనా?"

"అవునండి. అక్కడే పుట్టాను."

"మీ ఊళ్ళో సమాధుల దగ్గరికి వెళ్ళే రోజు ఏది?"

"సోమవారమండి."

వెనక ఎవరో ఒకరు అరుస్తారనుకున్నాను. బెంచీ ఒకటి కిర్రుమంది, అంతే.

"డెప్యూటీగారిని ఎప్పుడు వెనక్కి తీసుకొచ్చారు?"

"సోమవారం రాత్రే కీవ్ చేరాం. మంగళవారం పొద్దున హాలు దగ్గర దింపాను."

అప్పుడు టీచరమ్మ లేచింది. గట్టిగా కాదు, తరగతిలో అడిగినట్టు అడిగింది. "తిమీష్, ఒక్కసారి ఇటు చూడు బాబూ. మీ అమ్మను మేం ఏ రోజు తలుచుకుంటాం?"

జడ్జి ఆమెను కూర్చోమంది. నేను అటు చూడలేదు.

పావుగంటలో అయిపోయింది. కేసు కొట్టేశారు.

బయట మంచు పడుతోంది. నేను కారు దగ్గర నిలబడ్డాను. ఊరివాళ్ళు నా పక్కనుంచే బస్సు వైపు నడిచారు. ఒకాయన మాత్రం ఆగి, ఎవరితోనో అన్నట్టు, "చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నవాళ్ళను చూశాం, చచ్చినవాళ్ళ రోజు అమ్ముకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాం" అన్నాడు.

అందరికన్నా వెనక హవ్రిలో తాత, కర్ర మీద. కాళ్ళు వాచి ఉన్నాయి. బస్సు మెట్టు ఎక్కలేకపోయాడు, రెండుసార్లు ప్రయత్నించి దిగాడు. తర్వాత ఎవరినీ అడగకుండా వచ్చి నా కారు తలుపు తీసుకుని కూర్చున్నాడు.

"ఎక్కడికి తాతా?"

"తోటకి."

నాలుగు గంటల దారి. ఆయన కోర్టు మాట ఎత్తలేదు. రోడ్డు పక్క పొలాలు చూస్తూ, ఎవరు గోధుమ వేశారు, మంచు సరిపోతుందా లేదా, అవే మాట్లాడాడు. మధ్యలో ఒకసారి నిద్రపోయాడు. నేను కారు కుదపకుండా నడిపాను.

తోట చేరేసరికి ఇంకా వెలుతురుంది. మంచులో పదకొండువందల వరుసలు నల్లగా, గీతలు గీసినట్టు. తాత జేబులోంచి అంటు కత్తి తీశాడు. అంట్లకు పుల్లలు కోసేది చలికాలంలోనే, చెట్టు నిద్రలో ఉన్నప్పుడు.

"మార్చిలో యంత్రాలొస్తాయట. పట్టినన్ని కోస్తాను" అన్నాడు. "రకానికి రెండు పుల్లలు. జనం పెరళ్ళలో కట్టిస్తా."

నేను కూడా దిగాను. నా దగ్గరా కత్తి ఉంది. "నేను అటు వరుసల్లో కోస్తా, తాతా. ఇద్దరం అయితే రెండింతలు అవుతాయి."

"నువ్వు కారులో కూర్చో" అన్నాడు. కోపంగా కాదు. చలిగా ఉంది కూర్చో అన్నట్టే అన్నాడు.

కూర్చున్నాను. అద్దంలోంచి చూశాను. కర్ర చంకలో పెట్టుకుని, కొమ్మ వంచి, కోసి, కోటు లోపల దాచుకుని, ఇంకో చెట్టుకు. ఒక్కో చెట్టు దగ్గర బెరడు మీద బొటనవేలు రాసేవాడు. ఆ వేలితోనే రకం చెప్పగలడు. మూడుచోట్ల కూలబడ్డాడు. నేను తలుపు తీసిన ప్రతిసారీ చెయ్యి ఎత్తి వద్దన్నాడు. చీకటి పడుతుండగా వచ్చాడు. పుల్లలు ఒడిలో పెట్టుకుని లెక్కపెట్టాడు. ముప్ఫై ఒక్క రకం. పదకొండువందలలో ముప్ఫై ఒకటి.

జేబులో చిన్న అట్టముక్కలు, దారం తెచ్చుకున్నాడు. పుల్లలు చేతికి తీసుకుని తడుముతూ, పేరు గొణుక్కుంటూ, పెన్సిలుతో రాసి కట్టడం మొదలుపెట్టాడు. నేను లోపలి దీపం వేశాను. ఇరవై ఏడు కట్టాడు. చివరి నాలుగు దగ్గర ఆగిపోయాడు. కళ్ళకు పొర, వేళ్ళకు చలి. పదేపదే తడిమాడు.

"ఇవెక్కడివో" అన్నాడు. "చివర వరుసలు లెక్క తప్పాను."

నాకు తెలుసు. తొమ్మిదేళ్ళు ఆ వరుసల మధ్య ట్రాక్టరు నడిపాను. ఆయన ఎక్కడ వంగాడో అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. మొదటిది వాలు మీద మూడో వరుస, ఎర్ర చలికాలపు బేరి. రెండోది దాని పక్కదే. నాలుగూ తెలుసు.

"నేను చెబుతా రాసుకో, తాతా. మొదటిది..."

ఆయన చెయ్యి ఎత్తాడు, తోటలో ఎత్తినట్టే.

"నువ్వు చెప్పింది రాయలేనురా తిమీష్."

నాలుగు అట్టముక్కలూ ఏమీ రాయకుండానే కట్టాడు. ముడి వేసి పళ్ళతో దారం తెంపాడు. తర్వాత ఇంటికి పోనీయమన్నాడు. గేటు దగ్గర నేను దిగి తలుపు తీసేలోపే తనే దిగి, పుల్లలు కోటు లోపల గట్టిగా పట్టుకుని లోపలికి పోయాడు.

యంత్రాలు మార్చిలోనే వచ్చాయి. గ్యాస్ పైపు పక్క ఊరిదాకా వచ్చి ఆగింది. తాత కట్టించిన అంట్లు చాలా పెరళ్ళలో పట్టాయని విన్నాను. ఇప్పుడవి కాపుకొచ్చే ఉంటాయి. ఆ నాలుగు రకాల పేర్లు నాకొక్కడికే తెలుసు. ఒక్కోసారి వాటిని పైకి అనుకుంటాను, మరిచిపోకుండా.